ఆకుపచ్చ దారం

సువార్తని ఒక సందేహం చాలా ఏళ్ళుగా వెంటాడుతోంది. సాయం తలుపు దాకా వచ్చినప్పుడు, లోపలున్న పిల్లలు ఎందుకు అరవరు?

పిల్లల రక్షణ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆమె ఎన్నో తలుపులు తీయించింది. మిర్చి తొడిమలు తీసే షెడ్లు, ఇటుక బట్టీల పక్కన రేకుల గదులు, పెద్దమనుషుల ఇళ్ళలో వెనక వసారాలు. బయట నిలబడి గొంతు పోయేలా పిలిచినా లోపలినుంచి ఒక్క పలుకు వచ్చేది కాదు. తాళం తీసి చూస్తే గోడకి ఆనుకుని ఐదారుగురు, కళ్ళు మాత్రం కదుపుతూ ఉండేవాళ్ళు. పిలుపు వినపడక కాదు. విని కూడా ఊరుకునేవాళ్ళు. రాత్రి ప్రార్థనలో ఆమె అందరి క్షేమమూ అడిగాక చివర్లో ఇదొకటి అడిగేది. "ప్రభువా, నోరిచ్చినవాడివి, ఆ నిమిషానికి మాటెందుకివ్వవు?" జవాబు రాలేదు. రాలేదని ఆమె ప్రార్థన మానలేదు, అడగడమూ మానలేదు.

ఆ బుధవారం సత్తెనపల్లి దాటాక, పత్తి రైతు అంకమ్మరావు చేను గట్టున ఎస్సై త్రినాథ్ జీపులోంచి దిగుతున్నప్పుడు ఆమె మనసులో ఇంకో ప్రశ్న ముందుకొచ్చి నిలబడింది. అది ఆమెది కాదు. గుంటూరులో శవాల గది ముందు కూర్చున్న సుబ్బులుది.

సుబ్బులుది ప్రకాశం జిల్లా మెట్ట ఊరు. ఇద్దరు కూతుళ్ళనీ అడ్వాన్సు తీసుకుని ఈ పత్తిచేలో పనికి పంపింది. చిన్నది లక్ష్మీదుర్గ, తొమ్మిదేళ్ళది. నిన్న సాయంత్రం దాన్ని ఎవరో ఆస్పత్రి బల్ల మీద పడుకోబెట్టి మాయమయ్యారు. పురుగుమందు ఒంటికెక్కిందని డాక్టర్లు తేల్చేసరికి ప్రాణం పోయింది. పిల్ల లంగా బొందుకి నీలం దారం ఉండ ఒకటి చుట్టి ఉంది.

"దానిది నీలం దారం, పెద్దదానిది ఆకుపచ్చ దారం," అంది సుబ్బులు ఆ ఉండని చేతిలో పట్టుకుని. "ఆసామి ఒక్కో పిల్లకి ఒక్కో రంగు ఇస్తాడమ్మా, ఎవరి పని ఎవరిదో తెలియాలని. చిన్నది పోయింది. నా అఖిల ఏదమ్మా?"

పన్నెండేళ్ళ అఖిల ఆస్పత్రికి రాలేదు, ఇంటికీ చేరలేదు.

* * *

"కూర్చోండమ్మా. ఏమే, మజ్జిగ పట్రా," అని కేకేశాడు అంకమ్మరావు. చేలోనే కట్టుకున్న రేకుల ఇల్లు. మనిషి నలభై ఐదు దాటి ఉంటాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వస్తారని తెలిసి తయారైనట్టున్నాడు.

"మజ్జిగ వద్దండి. అఖిల ఎక్కడుంది?"

"ఎస్సైగారికి చెప్పే ఉన్నానమ్మా. ఆదివారం వాళ్ళ మేనమామ వచ్చి తీసుకుపోయాడు."

"ఆయన పేరు?"

"పేరెవరడుగుతారు? పిల్ల మామయ్యా అంది, సంచి సర్దుకుంది, పోయింది."

"చెల్లెల్ని ఎందుకు తీసుకెళ్ళలేదు?"

"అదుంటానంది. మా ఆవిడకి ఇంట్లో చేదోడుగా ఉండేది."

"అక్క ఇంటికెళ్తుంటే తొమ్మిదేళ్ళ పిల్ల మీ ఇంట్లో ఉంటానంది."

"పిల్లల మనసు ఎవరికి తెలుసు తల్లీ?"

"సుబ్బులుకి అన్నదమ్ములు లేరండి. పొద్దున్నే అడిగాను."

అంకమ్మరావు త్రినాథ్ వైపు చూశాడు. త్రినాథ్ కుర్చీలో సర్దుకున్నాడు. ముప్పై నిండని కుర్రాడు, ఉద్యోగంలో చురుకైనవాడని పేరు. "వరసకి మేనమామ అయ్యుంటాడు మేడమ్. వాళ్ళలో వరసలకేం తక్కువ?"

"వాళ్ళలో అంటే?"

"మాటవరసకన్నాను."

"నేనూ మాటవరసకే అడిగాను." సువార్త మళ్ళీ అంకమ్మరావు వైపు తిరిగింది. "చిన్నపిల్ల ఒంట్లోకి మందెలా వెళ్ళింది?"

"డబ్బా గూట్లో ఉంటుందమ్మా. మా ఆవిడ దేనికో కసిరిందట, తీసి తాగేసింది. అంత చిన్నదానికి అంత రోషమేంటో."

మజ్జిగ గ్లాసులతో గుమ్మం దాటుతున్న అతని భార్య వెంకటేశ్వరమ్మ ఆగింది. "నేను కసరలేదు," అంది, గ్లాసులకి చెప్పుకుంటున్నట్టు.

"లోపలికి పో," అన్నాడు భర్త.

ఆమె వెళ్ళింది. కానీ గ్లాసులు కింద పెట్టడం మర్చిపోయి, వాటితోనే వెళ్ళింది. సువార్త అది చూసింది. త్రినాథ్ గడియారం చూసుకున్నాడు.

"మేడమ్, మీరు సోషల్ వర్కరా, సీఐడీనా? పిల్ల మందు తాగింది, పోయింది. బాధే, కాదనను. కానీ ఈ ఇంటి మీద అనుమానానికి ఆధారం లేదు. ఈ చేలో పిల్లలు పనిచేస్తున్నారని నిన్న ఎవరో ఫోను చేస్తే, నేనే స్వయంగా వచ్చాను. పదింటికల్లా ఇక్కడున్నాను. చేనంతా తిరిగాను. ఒక్క పిల్ల లేదు. అదే రాసి సంతకం పెట్టాను."

"ఫోను చేసింది నేనే."

"అనుకున్నాను."

"మీ జీపు మట్టిరోడ్డెక్కితే దుమ్ము ఎంత దూరానికి కనపడుతుందో ఎప్పుడైనా చూశారా త్రినాథ్ గారూ?"

అతని ముఖం గట్టిపడింది. "నా పని నాకు నేర్పొద్దు మేడమ్. చేను చూస్తానంటే చూడండి. తర్వాత గుంటూరులో దింపుతాను. సాయంత్రానికి కేసు మూసేస్తున్నాను."

* * *

అది మామూలు పత్తి కాదు, విత్తనాల కోసం వేసిన పత్తి. ఇందులో ఆడ సాళ్ళు వేరు, మగ సాళ్ళు వేరు. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకునే మొగ్గల్ని గోటితో గిల్లి, రేకులూ పుప్పొడీ తీసేసి, నడిమి కాడ ఒక్కటే మిగులుస్తారు. తెల్లవారాక మగ చెట్టు పువ్వు తెచ్చి ఆ కాడకి రుద్ది, గుర్తుకి దారం కడతారు. రుద్దేసిన పువ్వుని కాళ్ళ దగ్గరే పడేస్తారు. పని వేళ్ళ చివరన జరుగుతుంది. అందుకే చిన్న వేళ్ళు కావాలంటారు రైతులు. చిన్న వేళ్ళకి కూలీ కూడా చిన్నదే.

ఇలాంటి చేలు సువార్త చాలా తిరిగింది. దారం కట్టిన కాడని చూస్తే అది ఏనాటిదో చెప్పగలదు. ఈనాటిదైతే తేమగా, పసుప్పచ్చని పొడి అంటుకుని ఉంటుంది. నిన్నటిదైతే వాడి గోధుమరంగుకి తిరుగుతుంది. మొన్నటిదైతే ఎండి రాలిపోతుంది.

ఆమె సాలు వెంట వంగి నడిచింది. వెనక త్రినాథ్, అతని వెనక అంకమ్మరావు. ఇద్దరి చెప్పుల చప్పుడులోనూ విసుగుంది.

సాలు మొదట్లో ఒక చెట్టుకి నీలం దారం, పక్క సాలులో ఎదురు చెట్టుకి ఆకుపచ్చ దారం. అలాగే సాగాయి రెండూ, జంటగా. అక్కచెల్లెళ్ళు మాట్లాడుకుంటూ పక్కపక్కనే పనిచేసి ఉంటారు. ఇక్కడి కాడలన్నీ గోధుమరంగుకి తిరిగినవే. నిన్నటివి.

సాలు సగానికి వచ్చాక నీలం దారం ఆగిపోయింది.

సువార్త ఆగి చుట్టూ చూసింది. ఆకుల మీద మందు చుక్కలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. వాసన ఇంకా గొంతులో గుచ్చుతోంది. ఒక చెట్టు కొమ్మ విరిగి వేలాడుతోంది, పడుతున్నవాళ్ళెవరో పట్టుకున్నట్టు. దాని అవతల గిల్లిన మొగ్గలు దారం లేకుండా వడిలిపోయి ఉన్నాయి. పక్క సాలులో ఆకుపచ్చ దారం కూడా అదే వరస దగ్గర తెగింది. నాలుగు చెట్ల అవతల మళ్ళీ మొదలైంది, ఒంటరిగా.

ఇద్దరు పిల్లలు ఇక్కడ పనిచేస్తుండగానే మందు కొట్టారు. ఒక పిల్ల పడిపోయింది. రెండో పిల్ల చెల్లెల్ని మోసుకెళ్ళి, తిరిగొచ్చి, పని పూర్తిచేసింది.

"త్రినాథ్ గారూ, చిన్నపిల్ల ఇంట్లో మందు తాగలేదు. ఇక్కడ పడింది. ఆదివారం వెళ్ళిపోయిందన్న పిల్ల నిన్న ఇదే సాలులో ఉంది."

అతను వంగి చూశాడు. నిటారుగా లేచాడు. "దారం ఎవరైనా కడతారు మేడమ్. రంగు మీద పేరు రాసి ఉందా? నేను కోర్టుకి దారం ఉండ తీసుకెళ్ళనా?"

మాట సబబే. సువార్త సాలు చివరిదాకా నడిచింది. అక్కడ, నీడ పడే మూల చెట్ల దగ్గర, ఆమె కాళ్ళు వాటంతటవే ఆగాయి.

ఆకుపచ్చ దారాలు, పది పన్నెండు. కాడల మీద పొడి తేమగా మెరుస్తోంది. కింద మట్టిలో పడేసిన మగ పువ్వులు ఇంకా వెన్నరంగులోనే ఉన్నాయి. నిన్నటివైతే గులాబిరంగుకి తిరగాలి.

ఈ పొద్దున! పిల్ల ఈ పొద్దున ఇక్కడ నిలబడింది. బతికే ఉంది.

అది పైకి అనలేదు. అంటే త్రినాథ్ మళ్ళీ అదే అంటాడు, ఎవరైనా కడతారని. ఆమె ఒక కొమ్మని దగ్గరికి లాగి, పెదవి విరిచింది.

"అంకమ్మరావు గారూ, ఈ మూలంతా కొత్తవాళ్ళెవరికో అప్పజెప్పినట్టున్నారే. పుప్పొడి అంటనే లేదు. ఇవి కాయ నిలవవు, రాలిపోతాయి. మీ విత్తనాల ఆర్గనైజరు చూశాడంటే ఈ సాలు మొత్తం తీసి పారేయమంటాడు." ఒక దారం పట్టుకుని తెంపబోయింది.

"అమ్మా, తెంపకండి!" అంకమ్మరావు త్రినాథ్‌ని తోసుకుంటూ వచ్చాడు. "కొత్తవాళ్ళేంటి? కళ్ళుపెట్టి చూడండి. నా చేలో దానంత నికరమైన చెయ్యి ఇంకోటి లేదు. దాని కాయ ఒక్కటి రాలగా నేనెరగను. పొద్దున నేను పక్కన నిలబడి మరీ చేయిస్తే అంటలేదంటారేంటి మీరు—"

మాట సగంలో ఆగింది. పక్క చేలో ఎవరో ఎడ్లని అదిలిస్తున్నారు.

"ఎవరితో చేయించావు?" అన్నాడు త్రినాథ్. గొంతులో మర్యాద లేదు.

"అది కాదండీ…"

"ఎవరితో?"

అంకమ్మరావు చేతులు రెండూ ఆ కొమ్మకి అడ్డం పెట్టి నిలబడ్డాడు, ఇంకా దాన్ని ఎవరో తెంపుతారన్నట్టు. "నిన్న సాయంత్రం గిల్లిన మొగ్గలండీ. ఇవాళ చెయ్యకపోతే రేపటికి ఆగవు. పువ్వు ఆగదు కదండీ. ఏం చెయ్యమంటారు?"

ఒక పిల్ల చచ్చింది, ఇంకో పిల్లని దాచాలి. ఆ కంగారులో కూడా పువ్వు వృథా పోవడం అతని చెయ్యి ఒప్పుకోలేదు. అబద్ధాలన్నీ సరిగ్గానే కుదుర్చుకున్నాడు. పంట దగ్గర మాత్రం నిజం చెప్పేశాడు.

"పిల్ల ఎక్కడ?" అంది సువార్త.

పలికింది వెనకనుంచి వెంకటేశ్వరమ్మ. ఎప్పుడొచ్చిందో, కొంగు ముడి విప్పి తాళంచెవి తీస్తోంది.

"ఒసేయ్!" అన్నాడు భర్త.

"అరువు. అరిచి చంపు." ఆమె తాళంచెవి సువార్తకి అందించింది. "నేను కసిరానని చెప్పావే, ఆ పిల్ల ఉసురు నా నెత్తిన పెట్టావే! రండమ్మా, మోటారు షెడ్డులో ఉంది. నిన్న దానికి తలంటి నా లంగా జాకెట్టూ ఇచ్చాను. మిగతా ముగ్గురు పిల్లలకీ నీళ్ళు పోద్దామనుకుంటే ఈలోగా కోటేష్ వ్యాను తెచ్చాడు."

కోటేష్ అంటే ఆర్గనైజరు. చేలకి విత్తనమూ అడ్వాన్సులూ పిల్లలూ సరఫరా చేసేది అతనే.

* * *

మోటారు షెడ్డులో కిటికీ లేదు. తలుపు తీసేసరికి అఖిల గోనెసంచి మీద కూర్చుని, ఉండలోంచి దారం జానెడు జానెడు తెంపి పక్కన పేర్చుకుంటోంది. రేపటికి. వెంకటేశ్వరమ్మ జాకెట్టు ఆ పిల్ల భుజాల మీంచి జారిపోతోంది. పోలీసుని చూసి గోడవైపు జరిగింది.

సువార్త గుమ్మంలోనే నేల మీద కూర్చుంది. ముట్టుకోలేదు, ప్రశ్న వెయ్యలేదు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, ముందు తను రెండు గుక్కలు తాగి, పిల్ల వైపు జరిపింది.

అఖిల తాగింది. మూతి తుడుచుకుని, తనే అడిగింది. "మీరు ఆస్పత్రి నుంచి వచ్చారా?"

"అవునమ్మా."

"చెల్లికి తగ్గిందా? ఇవాళ్టి పువ్వులన్నీ చేస్తే సాయంత్రం చూపిస్తామన్నారు. అన్నీ చేశాను. ఒక్కటి కూడా వదల్లేదు."

సువార్త ఈ ఉద్యోగంలో పిల్లలకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అది ఆమె నియమం. దేవుడికి మొక్కుకున్నట్టే మొక్కుకుంది. ఇప్పుడు జవాబు పక్కన పెట్టి, తనే ఒక ప్రశ్న వేసింది.

"నిన్న ఏమైందో చెప్తావా తల్లీ?"

"మందు కొడుతుంటే పక్కకి జరుగుతామన్నాం. టయిము లేదు, చెయ్యమన్నారు. చెల్లి మీద పడింది. కళ్ళు మసగ్గా ఉన్నాయి అక్కా అంది. నోట్లోంచి చొంగ కారింది. పడిపోయింది. ఇంతలో జీపొస్తోందని అందర్నీ ఇందులోకి తోశారు. ఐదుగురం. నన్ను ఒక్కదాన్ని జీపు పోయాక మళ్ళీ చేలోకి పంపారు. చెల్లిని చీకటి పడేముందు తీసుకుపోయారు."

గుమ్మానికి ఆనుకున్న త్రినాథ్ చెయ్యి కిందికి జారింది. "జీపు… నిన్న పదింటికి?"

"మీరేగా సార్? మీ గొంతు వినపడింది. మజ్జిగలో ఉప్పెక్కువైందన్నారు."

అతను పిల్ల ఎత్తుకి వంగాడు. "మరి ఎందుకు అరవలేదమ్మా? ఒక్క కేక వేస్తే తలుపు తీసేవాణ్ణి కదా."

అఖిల అతన్ని వింతగా చూసింది. ఇంత పెద్దవాడికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "అరిస్తే అమ్మని పట్టుకుపోతారుగా. అడ్వాన్సు తీసుకుంది అమ్మేగా. చెల్లి మూలుగుతుంటే నేనే దాని నోరు మూశాను. మెల్లిగానే మూశాను. ఊపిరాడేలాగే మూశాను."

తనకోసం భయపడే పిల్లయితే అరుస్తుంది, ఈ పిల్లలు అమ్మ కోసం భయపడుతున్నారు. సువార్తకి ఇన్నేళ్ళకి జవాబు దొరికింది. దొరికినందుకు సంతోషం లేదు. అడిగినప్పుడల్లా ఇదేనా ప్రభువా నీ దగ్గరున్నది, అనుకుంది.

త్రినాథ్ బయటికి నడిచాడు. జీపు దగ్గరున్న కానిస్టేబుల్ని కేకేసి, అంకమ్మరావు పక్కన నిలబెట్టాడు. తిరిగి వచ్చేసరికి అతని గొంతు మారింది. "మేడమ్, నా సంతకం సంగతి నేను చూసుకుంటాను. మిగతా ముగ్గురు పిల్లలూ ఎక్కడ? అది అడగండి."

అడక్కుండానే అఖిల చెప్పింది. "కోటేష్ మామయ్య పర్చూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కి తీసుకుపోయాడు రాత్రి. వాళ్ళలో మస్తాన్‌బీ ఉంది సార్. దానికీ చొంగ మొదలైంది. తడిసిన బట్టలతోనే ఉంది."

"ఏ బ్యారన్? పర్చూరు చుట్టూ అన్నీ బ్యారన్లే."

"పేరు తెలీదు. పోయినేడు మమ్మల్ని కూడా అక్కడే ఉంచారు. కాలవ దాటాక రెండు ఇటుక పొగగొట్టాలుంటాయి. చూస్తే గుర్తుపడతాను."

త్రినాథ్ జీపులో వైర్‌లెస్ తీసి పర్చూరు స్టేషన్‌ని పిలిచాడు. గరగర శబ్దం తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచాడు. దాన్ని సీటు మీద పడేసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెంకటేశ్వరమ్మ పరుగున వచ్చి ఒక పాత దుప్పటీ, సబ్బు బిళ్ళా సువార్త చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

మట్టిరోడ్డు మీద జీపు ఎగిరెగిరి పడుతోంది. అఖిల వెనక సీట్లో సువార్త పక్కన కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళన్నీ అరిగి, చివర్లు నల్లబడి ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పకండి మేడమ్," అన్నాడు త్రినాథ్ ముందునుంచి, తల తిప్పకుండా, పిల్లకి వినపడకుండా గొంతు తగ్గించి. "దారి చూపించేది తనొక్కతే. చెప్తే ఇంక ఏమీ చూడలేదు."

అది నిజం. చెప్పకపోతే, ఈ పిల్ల మళ్ళీ ఇంకొకరి అవసరానికి పనిచేస్తున్నట్టే, అంకమ్మరావు పొద్దున చేయించినట్టే. అదీ నిజమే. సువార్త రెండింటి మధ్యా కూర్చుని దుప్పటి అంచు మెలిపెట్టింది.

తారురోడ్డు వచ్చింది. ఒకవైపు గుంటూరు. అక్కడ సుబ్బులు, ఆ గది గుమ్మం ముందు. రెండోవైపు నరసరావుపేట మీదుగా పర్చూరు. త్రినాథ్ జీపు ఆపి అద్దంలోంచి సువార్తని చూశాడు. ఆమె నోరు తెరిచింది.

"అఖిలా, చెల్లి…"

"తెలుసు మేడమ్," అంది అఖిల. సువార్త దుప్పటి వదిలేసింది. "చెల్లి దగ్గరికి ముందు తీసుకుపోదామనేగా? నాకూ పోవాలనే ఉంది. కానీ దానికి డాక్టర్లున్నారు, మంచముంది. అమ్మ కూడా వచ్చేసుంటుంది. మస్తాన్‌బీకి ఎవరూ లేరు." ముందుకి వంగి త్రినాథ్ భుజం తట్టింది. "అటు తిప్పండి సార్. చెల్లి ఎక్కడికీ పోదు, సాయంత్రం చూస్తాను."

త్రినాథ్ పర్చూరు వైపు తిప్పాడు.